చెయ్యను, చెయ్యలేను

పోయినవారం మనం ఆగింది ఒక నీలం ముఖమల్ తెర కదిలిన చోట. నాటకశాల పైఅంతస్తులో, దుస్తుల గదిలో, రాజుల అంగీలకీ దేవకన్యల ముసుగులకీ మధ్య నిలబడి మైనా తల్లి తన భర్తతో గుసగుసగా, "సరే, పంపించేద్దాం" అంది. పంపేది కొండమీది హాస్టలు బడికి. పంపేది పదేళ్ల మైనాని. ఆ మాట పెదవి దాటిందో లేదో తెర కదిలింది. గాలికి కదిలిందనుకుందామంటే ఆ గదిలో తెరిచిన కిటికీ ఒక్కటీ లేదు.

తెర వెనక ఉన్నది మైనాయే. ఆ సంగతి తల్లికీ తెలుసు, తండ్రికీ తెలుసు. తెలిసినా ఇద్దరిలో ఎవరూ వెళ్లి తెర తియ్యలేదు. 'బయటికి రా' అంటే ఆ పిల్ల రాదు. రావాలని తనకే ఉన్నా, 'రా' అని వినపడితే ఇక రాలేకపోతుంది.

మైనా అనేది ముద్దుపేరు. ఎవరి గొంతు విన్నా అచ్చం అలాగే పలుకుతుందని పెద్దమ్మ పెట్టింది. బస్సు కండక్టరు కేక, పక్కింటాయన దగ్గు, లిఫ్టులో "తలుపులు మూసుకుంటున్నాయి" అని చెప్పే ఆడగొంతు, అన్నీ ఆ చిన్న గొంతులో కాపురం ఉండేవి. వాటితో మాట్లాడేటప్పుడు మైనాకి అడ్డే లేదు. తన సొంత గొంతుతోనే చిక్కంతా. "పళ్లు తోముకోవే" అంటే సోఫా కిందికి దూరేది. "పుస్తకం తియ్యి" అంటే ముందు నవ్వించేది, తరవాత బేరాలాడేది, ఆ తరవాత కాళ్లు పనిచెయ్యట్లేదనేది. ఇంకా గట్టిగా అంటే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. తనే ఇష్టపడి రాసుకున్న పాటని తరగతిలో చదవమన్న రోజున అల్మారా ఎక్కి కూర్చుంది. దింపబోయిన టీచరమ్మ చెయ్యి కొరికింది. ఏదో ఒకటి తేలేవరకూ పిల్లని పంపొద్దని బడివాళ్లు కబురు చేశారు. అప్పటినుంచీ తల్లి పనిచేసే ఈ దుస్తుల గదే మైనాకి బడీ, ఇల్లూ, ఆకాశమూ.

ఆకాశం అని ఊరికే అనలేదు. ఆ గదికి కప్పు గాజుది. వాన పడితే గాజుమీద నీళ్లు పారుతుంటే, ఆ నీడలు కిందికి దిగి తెల్లటి వలబట్టల మీదా, కుట్టుమిషన్ల మీదా, తలల్లేని బొమ్మల భుజాల మీదా మెల్లగా పాకేవి. వేలాడే బట్టలు ఊపిరి తీస్తున్నట్టుండేవి. గదంతా ఏదో లోతైన నీటి అడుగున ఉన్నట్టూ, పైన ఎక్కడో పడవలు వెళుతున్నట్టూ అనిపించేది. ఆ మధ్యాహ్నం కూడా అలాంటి వానే కురుస్తోంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ముందు పెద్దమ్మ వచ్చింది. మైనా తల్లికి తోడబుట్టిన అక్క, పిల్లల మనసులకి వైద్యం చేసే డాక్టరు. వెనకే బడి కౌన్సెలర్ వచ్చాడు. కుర్రాడే. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక, తలలేని ఒక రాణి బొమ్మ చేతికి తగిలించి, "సారీ అమ్మా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వే వేళ కాదది. హాస్టలు బడి పెద్దసారు సాయంత్రంలోగా ఫోన్ చేస్తానన్నాడు. అవునో కాదో చెప్పెయ్యాలి.

"ఇంకా మాట్లాడుకోడానికేం మిగిలింది వదినగారూ? ఇద్దరం ఒప్పుకున్నాం" అన్నాడు తండ్రి. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. బూడిదరంగు పనిబట్టల్లోనే వచ్చాడు. "మొక్కై వంగనిది మానై వంగదు. నేను అక్కడే చదివాను. నన్నూ ఇలాగే, దీని వయసులోనే పంపారు. బాగుపడలేదా?"

"కొన్ని మొక్కలు వంచితే వంగవు మరిదిగారూ, విరుగుతాయి" అంది పెద్దమ్మ. "ఇది మొండితనం కాదని నేను మొదట్నుంచీ చెబుతున్నాను. మైనాకి ఆటిజం ఉందని నాకనిపిస్తోంది. చొక్కా లోపలి లేబుల్ గుచ్చుకుంటే పూటంతా ఏడుస్తుంది. ట్యూబ్‌లైటు గుయ్యిమనడం మనకి వినపడదు, దానికి వినపడుతుంది. ఎదుటివాళ్ల మనసులో ఏముందో అందక, వాళ్ల గొంతుల్ని అరువు తెచ్చుకుంటుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొంతమందికి, ఎవరైనా ఏదైనా చెయ్యమనగానే ప్రాణం మీదికొచ్చినంత భయం వేస్తుంది. ఆ భయం బయటికి పొగరులా కనిపిస్తుంది."

"నాకు అంత ధైర్యంగా చెప్పాలని లేదు మేడమ్" అన్నాడు కౌన్సెలర్ నెమ్మదిగా. "ఆటిజం ఉండొచ్చు, పరీక్ష చేయిద్దాం. కానీ ఈ తప్పించుకోవడాన్ని విడిగా ఒక రకం అనడం మీద పెద్దవాళ్లే ఇంకా ఒక మాట మీదికి రాలేదు. ఆటిజంలో భాగమంటారు కొందరు. ఆటిజం లేని పిల్లల్లోనూ ఉంటుంది, ఇది ఉత్త ఆందోళన అంటారు ఇంకొందరు. చుట్టూ ఉన్న పరిస్థితులు సరిగ్గా లేకపోతే ఎవరైనా ఇలాగే చేస్తారు అనేవాళ్లూ ఉన్నారు. ఇదొక జబ్బు అని పేరు పెట్టేశామనుకోండి, రేపట్నుంచి ఆ పాప వద్దన్న ప్రతిదీ జబ్బే అవుతుంది. మొన్న బడిలో పాలు వద్దంటే బలవంతంగా తాగించబోయారు. తర్వాత చూస్తే అవి విరిగిన పాలు. వద్దనడం అక్కడ జబ్బా, తెలివా?"

"పేరు పెట్టకపోతే ఆ చోటు ఖాళీగా ఉంటుందా బాబూ?" అంది పెద్దమ్మ. "ఊళ్లోవాళ్లు పెట్టేస్తారు పేరు. మొండి, పెంకి, గారం, తల్లి పెంపకం. వీటికంటే నేను పెట్టే పేరే నయం కదా."

తల్లి ఈ మాటలన్నీ ఎక్కడో ఒడ్డున ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వింది. ఆమె కళ్లు నీలం తెర మీదే ఉన్నాయి. తెర కింద ఇందాక రెండు కాలివేళ్లు కనపడ్డాయి. ఇప్పుడు లేవు. వేలాడే బట్టల వరసల్లో ఎక్కడో హ్యాంగర్లు మెల్లగా ఒకదానికొకటి తగిలిన చప్పుడు. నీటి నీడల్లోంచి ఏదో ఈదుకుంటూ పోతున్నట్టుంది. అంతలో గది చివర రెండు అంగీలు పక్కకి తప్పుకున్నాయి.

నల్ల కోటొకటి నడిచి వచ్చింది. నాటకంలో జడ్జీ వేసుకునేది. నేలమీద దాని అంచు బారెడు ఈడ్చుకొస్తోంది. పైన తెల్లజుట్టు టోపీ. ఆ రెంటికీ మధ్య మైనా ముఖం, చెరువులో చందమామలా.

ఆ పిల్ల బట్టలు కత్తిరించే పెద్ద బల్ల దగ్గరికి వచ్చి, స్టూలెక్కి, బల్లమీద కూర్చుంది. చెక్కస్కేలు తీసుకుని ఠకామని కొట్టింది.

"ఆర్డర్! కోర్టు మొదలైంది" అంది. పెద్దాయన గొంతు, కాస్త బొంగురు. "లేచి నిలబడక్కర్లేదు. నిలబడాలనిపిస్తే నిలబడొచ్చు."

తండ్రి నోరు తెరవబోయాడు. పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది. తనే అందరికంటే ముందు లేచి, "చిత్తం" అంది.

"ముద్దాయి ఎవరండీ?" అన్నాడు కౌన్సెలర్, ఆట అర్థమై.

"మైనా."

"జడ్జీగారు?"

"ఆమే. వేరేవాళ్లు ఖాళీగా లేరు." జడ్జీ టోపీ సర్దుకుంది. "మొదటి సాక్షి డాక్టరమ్మ. మైనాకి ఉన్నదేమిటి?"

"ఆటిజం అని నా నమ్మకం. దాంట్లోనే ఒక తీరు ఇది."

"రెండో సాక్షి, గొడుగాయన. మీ మాట?"

"ఆందోళన ఎక్కువ. మిగతాది నాకు ఇంకా తెలియదండీ."

"మీ ఇద్దరిలో ఎవరు రైటు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాన కాస్త జోరందుకుంది. గాజుకప్పు మీద నీటి నీడలు దట్టమై ఇద్దరి ముఖాలమీదా ఒకేలా పారాయి.

"తెలీదు" అంది పెద్దమ్మ చివరికి. "నా చదువు నాకు ఒక వైపునుంచి చూపిస్తోంది. ఆయనది ఇంకో వైపునుంచి. పొరపాటు నాదైనా కావచ్చు."

"బాగుంది" అంది జడ్జీ. "పెద్దవాళ్లు తెలీదంటే కోర్టుకి నిద్రపట్టినంత హాయిగా ఉంటుంది." తరవాత స్కేలు చివరతో కోటుమీది బొత్తాం గీరింది. "ఇప్పుడు ముద్దాయి మాట్లాడుతుంది. ముద్దాయికి సొంత గొంతుతో చెప్పడం రాదు, అందుకని కోర్టే ఆమె తరఫున చెబుతుంది. అభ్యంతరం ఉన్నవాళ్లు తుమ్మొచ్చు."

ఎవరూ తుమ్మలేదు.

"టీచరమ్మ 'చదువు' అంది. ముద్దాయి 'చదవను' అంది. అలాగని అందరూ రాసుకున్నారు. ముద్దాయి అనాలనుకున్నది 'చదవలేను' అని. మధ్యలో 'లే' ఉంది కదా, అది గొంతులో ఉండిపోయింది. భయం వేసినప్పుడల్లా ముద్దాయి దాన్ని మింగేస్తుంది. అందుకే ఎప్పుడూ చెయ్యను, తినను, రాను అనే వినపడుతుంది మీకు."

తల్లి చేతిలో ఏదో బట్ట ఉంది. దాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు భయం?" అన్నాడు కౌన్సెలర్. ప్రశ్నలా అనలేదు, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"లిఫ్టులో ఎక్కువమంది ఎక్కితే బజర్ మోగుతుంది కదా" అంది జడ్జీ. "తలుపు మూసుకోదు. లోపలున్నవాళ్లు బటన్ నొక్కుతూనే ఉంటారు, ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా. లిఫ్టుకి పైకెళ్లాలనే ఉంటుంది. ఎవరో ఒకరు దిగాలి. ఎవరూ దిగరు. బటన్ వేరేవాళ్లే నొక్కాలని కూడా లేదు. చేపల మ్యూజియానికి వెళ్దామని ముద్దాయే అడిగింది, గుర్తుందా? గొడుగుల్లా తేలే ఆ చేపలంటే ముద్దాయికి ప్రాణం. పొద్దున్నే లేచి జడ వేసుకుని, ఒక బూటు వేసుకుంది. రెండో బూటు వేసుకోమని ఎవరూ అనలేదు. ముద్దాయే తనకి తను చెప్పుకుంది. అంతే. బజర్ మోగింది. ఆ బూటు అలాగే పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. అమ్మ 'నువ్వే కదా కావాలన్నావు' అని తిట్టింది. ముద్దాయి 'నాకొద్దు, చేపలు కంపు' అంది. అది అబద్ధం."

తల్లికి ఆ ఉదయం కళ్లకి కట్టింది. గుమ్మంలో ఎండ, ఎండలో ఒంటికాలి బూటుతో పిల్ల. తను అన్న మాటలు. చేపల మ్యూజియానికి మళ్లీ తీసుకెళ్లనే లేదు.

"మూడో సాక్షి" అంది జడ్జీ. స్కేలు తల్లివైపు తిరిగింది. "పంపించేద్దాం అన్నది మీరేనా?"

"నేనే."

"ఎవరైనా బలవంతం చేశారా?"

తల్లి తల అడ్డంగా ఊపింది.

"మరి?"

"అలిసిపోయాను" అంది తల్లి. ఇంకేదో చెప్పాలనుకుంది, అది తప్ప ఏదీ నిజం కాదనిపించింది. "చాలా అలిసిపోయాను."

జడ్జీ టోపీ కాస్త పక్కకి ఒరిగింది. బల్లమీంచి చాలా పల్చగా, ఆ గదిలో ఎవరూ చాలారోజులుగా వినని ఒక గొంతు వచ్చింది. మైనా సొంత గొంతది. "నా వల్లా?"

"కాదు తల్లీ." తల్లి ముందుకి నడిచింది. బల్లకి రెండడుగుల దూరంలో ఆగిపోయింది. పట్టుకుంటే పారిపోతుందేమోనని చేతులు వెనక్కి పెట్టుకుంది. "గట్టిగా ఉండమన్నారందరూ. గట్టిగా ఉన్నా. చెప్పిన మాట వింటే గోడమీద నక్షత్రాలు అంటించమన్నారు, అంటించా. మాట్లాడకుండా శిక్షించమన్నారు, అదీ చేశా. నిన్ను చూస్తే నాకే భయం పట్టుకుంది. దానివల్ల అలిసిపోయాను."

పిల్ల చాలాసేపు తల్లినే చూసింది. టోపీ సరిచేసుకుంది. బొంగురు గొంతు తిరిగొచ్చింది.

"సాక్షి నిజం చెప్పింది. కోర్టుకి కోపం ఉంది, కానీ వాయిదా వేసింది. కోర్టుకి వాయిదా వెయ్యడం బాగా వచ్చు." కౌన్సెలర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "ఆఖరి సాక్షి, లిఫ్టాయన."

తండ్రి గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇదంతా ఏంటి? నేనేం చెప్పాలి?" అన్నాడు.

"చెప్పాలని లేదు. కోర్టుకి ఒక డౌటుంది, పైకి అనుకుంటుంది, అంతే." జడ్జీ గాజుకప్పువైపు చూస్తూ అంది. "మా ఇంట్లో నాన్నకి ఎవరూ ఎప్పుడూ ఏ పనీ చెప్పరు. ఎందుకూ అని."

జడ్జీ స్కేలు ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మ నన్ను 'బల్బు తీసుకురా' అంటుంది. నాన్నని అనదు. బల్బు కింద నిలబడి, బల్బుతోనే, 'పోయావా పాపం' అంటుంది. సాయంత్రానికి బల్బు వస్తుంది. ఉప్పు అయిపోతే అల్మారాతో చెబుతుంది. నాన్నమీద చిరాకొస్తే కిటికీతో చెబుతుంది. ఒక్కసారే, మామయ్య పెళ్లికి వెళ్లేటప్పుడు, తొందరలో మర్చిపోయి 'ఏవండీ, ఆ నీలం చొక్కా వేసుకోండి' అంది. నాన్న పెళ్లికే రాలేదు. తలనొప్పన్నాడు. అందరూ వెళ్లిపోయాక నీలం చొక్కా వేసుకుని అద్దం ముందు కూర్చున్నాడు. ముద్దాయి అప్పుడు సోఫా కింద ఉంది. చూసింది."

ఆ కిటుకు తల్లికి ఎవరూ నేర్పలేదు. పెళ్లైన కొత్తలో ఎప్పుడో, ఇతని ముఖంలో ఒక తలుపు మూసుకోవడం చూసి, మూసుకోకుండా ఎలా మాట్లాడాలో వెతుక్కుంటూ తనే చేరుకున్న దారి అది. నడిచి నడిచి ఆ దారి దారిలా కనిపించడమే మానేసింది. కాపురం అంటే ఇలాగే ఉంటుందనుకుంది. భర్తకి ఇంత మెత్తగా పరిచిన మనిషి, కూతురి దగ్గరికొచ్చేసరికి రాళ్లు పరిచింది. తల్లి అన్నాక గట్టిగా ఉండాలన్నారు కదా అని.

అతనికి పనిచ్చేవాళ్లకీ ఆ కిటుకు తెలుసు. అతను మూడు కంపెనీలు మానేసి సొంతంగా పని పెట్టుకున్నాడు. లిఫ్టు పాడైతే ఏ అపార్టుమెంటువాళ్లూ అతన్ని రమ్మనరు. వీధిలో అతను ఎదురైతే, "ఎందుకో ఎవరికీ అంతుపట్టట్లేదు" అని నిట్టూరుస్తారు. పావుగంటలో అతను పైన ఉంటాడు, చేతులకి గ్రీజుతో, పాట పాడుకుంటూ.

పెద్దమ్మ కౌన్సెలర్‌వైపు చూసింది. కౌన్సెలర్ పెద్దమ్మవైపు చూశాడు. ఇద్దరికీ ఏదో తట్టింది. ఇద్దరూ పేరు పెట్టకుండా ఊరుకున్నారు.

"నేను..." అన్నాడు తండ్రి. గోడనుంచి విడివడి, బట్టల గుట్టమీద కూలబడ్డాడు. ఎవరో సైనికుడి ఎర్రకోటు అతని కింద నలిగింది. "నేను బాగుపడ్డాను. అక్కడ పొద్దున్నే గంట కొట్టేవాళ్లు. గంట కొట్టకముందే నేను లేచేవాణ్ని. కొళాయిల వెనక్కి వెళ్లి వాంతి చేసుకుని, నోరు కడుక్కుని వచ్చి వరసలో నిలబడేవాణ్ని. అందరికీ అంతేనేమో అనుకున్నా. కొన్నాళ్లకి ఏం చెప్పినా 'సరే సార్' అనడం అలవాటైంది. మంచి పిల్లాడన్నారు."

"సరే అనడం నేర్చుకున్నారా, చెయ్యడం నేర్చుకున్నారా?" అంది జడ్జీ. అందులో ఎగతాళి లేదు. తెలుసుకోవాలనే అడిగింది.

అతను తన అరచేతులకేసి చూసుకున్నాడు. గ్రీజు మరకలు గీతల్లోకి ఇంకి ఉన్నాయి.

"అనడం" అన్నాడు.

మైనా బల్లమీంచి దిగింది. కోటు తట్టుకుని పడబోయి నిలదొక్కుకుంది. వచ్చి తండ్రి పక్కన, తాకకుండా, ఒక మూర దూరంలో బట్టల గుట్టమీద కూర్చుంది. ఇద్దరూ ఒకేలా మోకాళ్లు దగ్గరికి లాక్కుని, ఒకేలా గడ్డం ఆనించి కూర్చున్నారు. నీటి నీడ ఒకటి కూతురి భుజంమీంచి తండ్రి భుజంమీదికి పాకింది. పల్చటి వెలుతుర్లో పెద్దదీ చిన్నదీ ఒకే మనిషిలా ఉన్నారు. తల్లికి ఆ క్షణం కలలా ఉంది. కదిలితే చెదిరిపోతుందన్నట్టు ఊపిరి బిగబట్టింది.

"నీకు కూడా బజర్ మోగుతుందా నాన్నా?" అంది మైనా, తన గొంతుతోనే.

"ఊఁ" అన్నాడు.

"పెద్దయ్యాక కూడా?"

"ఊఁ."

"ఛ" అంది మైనా. కొంచెంసేపు ఆలోచించి, "పోన్లే, ఇద్దరం ఉన్నాం" అంది.

ఫోన్ మోగింది.

అతని ఫోన్ కత్తెరల పక్కన బల్లమీద ఉంది. మోగుతూ, వణుకుతూ, బల్లమీద మెల్లగా పక్కకి జరుగుతోంది. పెద్దసారే. ఎత్తకపోతే ఆ సీటు ఇంకో పిల్లకి పోతుంది. ఎత్తితే ఏదో ఒకటి చెప్పాలి. పెద్దమ్మ పెదవి కొరుక్కుంది. కౌన్సెలర్ గొడుగువైపు చూశాడు. తల్లి నోటిదాకా మాట వచ్చింది. గాలితో అన్నా అది అతనికే తగులుతుందని తెలిసి, ఈసారి గాలితో కూడా అనలేదు. మైనా అసలు ఫోన్‌కేసి చూడనైనా చూడలేదు. కోటు చేతిని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ఎవరూ అనకపోవడం అతనికి తెలిసింది. లేచాడు. బల్లదాకా వెళ్లాడు. గ్రీజువేళ్లతో తడబడి నొక్కితే స్పీకరు ఆనైంది.

"ఏరా రాయీ!" అంది ముసలి గొంతు, గదంతా నిండిపోతూ. అతని భుజాలు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. అతన్ని ఎవరైనా అలా పిలిచేవారని పెళ్లానికి కూడా తెలియదు. "పాపని రేపు తీసుకొస్తున్నావు కదా. రూల్సు నీకు కొత్తకాదు. మొదటి ఏడాది తల్లిదండ్రులు గేటు దాటి లోపలికి రాకూడదు. మీ ఆవిడకి ముందే గట్టిగా చెప్పిపెట్టుకో. మీ అమ్మలాగా ప్రతివారం వచ్చి గేటు పట్టుకుని గోల చేసిందంటే, మాకు అప్పటి ఓపిక లేదు."

కొండమీది బడిలో తనని దిగబెట్టాక వాళ్లమ్మ ఒక్కసారీ రాలేదనే అతను ఇన్నేళ్లూ నమ్మాడు. ఆ కోపంతోనే పెద్దయ్యాడు. ఆ కోపంతోనే ఆవిడ పోయినప్పుడు చివరిచూపుకి కూడా వెళ్లలేదు. ఈ సంగతి ఆ గదిలో మైనా తల్లికి తెలుసు, పెద్దమ్మకి తెలుసు.

"మా అమ్మ వచ్చేదా?" అన్నాడు.

"రాకపోవడమేంట్రా? నీ క్రమశిక్షణ చెడుతుందని నీకు చెప్పలేదు గానీ..."

అతను స్పీకరు తీసేసి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. ఆ తరవాత వాళ్లమ్మ గురించి పెద్దసారు చెప్పిన మాటలు అతనొక్కడికే వినపడ్డాయి. వినేకొద్దీ అతని ముఖంలోంచి వయసు రాలిపోతున్నట్టు చూశారు వాళ్లంతా. ముందు మెకానిక్ పోయాడు, తరవాత తండ్రి పోయాడు, చివరికి కొళాయిల వెనక నోరు కడుక్కుని వరసలోకి పరిగెత్తే పిల్లాడొకడు మిగిలాడు. వాన పల్చబడింది. నీటి నీడలు గోడలమీంచి జారి ఎటో వెళ్లిపోయాయి. గది మామూలు గది అయింది.

"వస్తాను" అన్నాడు ఫోన్‌లో. "రేపే వస్తున్నాను."

ఫోన్ బల్లమీద పెట్టాడు. తల్లి అతని చెయ్యి పట్టుకోబోయింది. వెళ్లేది ఒక్కరేనా, పిల్లతోనా అని అడగాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. అడిగితే ఏమవుతుందో ఈ భూమ్మీద ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

అతను మైనావైపు తిరిగాడు. మైనా అప్పటికే టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, ఎవరూ చెప్పకుండానే ఒక బూటు తొడుక్కుంటోంది.